గుత్త కరెంటు అఫీఫా, మీటరు ఒడెట్

మీనా రేవులో పడవలు బాగుచేసే వీధి చివర నాలుగంతస్తుల మేడ ఒకటుంది. దాని మూడో అంతస్తులో అక్కాచెల్లెళ్ళిద్దరు ఎదురెదురు తలుపుల్లో ఉండేవారు. మెట్లెక్కి రాగానే ఎడమచేతి తలుపు అక్క అఫీఫాది. కుడిచేతి తలుపు చెల్లెలు ఒడెట్‌ది. మధ్యన నాలుగడుగుల నడవా. ఆ కాస్త నడవా దాటి ఒకరి గుమ్మంలో ఒకరు కాలుపెట్టి పదేళ్ళు దాటింది.

అఫీఫా కుట్టుపని చేసేది. పెళ్ళిగౌన్లూ, చంటిపిల్లలకు బాప్తిస్మపు గౌన్లూ ఆమె చేతిలో పడితే దేవదూతలకు కుట్టినట్టుండేవి. ఆమెకు పెళ్ళి కాలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక గ్రీకు ఓడలో వంటవాడితో మాట అనుకున్నారు. అతను పీరేయస్‌లో దిగి, అక్కడ ఇంకొకామెను కట్టుకున్నాడు. కబురు తెలిసిన రోజున అఫీఫా ఏడవలేదు. అప్పటికే కుట్టిపెట్టుకున్న తన పెళ్ళిగౌను విప్పి, నడుం దగ్గర చిన్నది చేసి, బేకరీ వాళ్ళమ్మాయికి అమ్మేసింది. అదీ ముందుగా చెప్పిన ధరకే. దానిమీద ఒక్క లీరా ఎక్కువ అడగలేదు.

ఆమె పద్ధతే అది. గౌనుకు ఇంత అని మొదటిరోజే చెప్పేది. ఆ తరవాత పెళ్ళికూతురు లావెక్కినా, చిక్కినా, గడియకోసారి మనసు మార్చుకుని చేతులు పొడుగు చెయ్యమన్నా, కురచ చెయ్యమన్నా, ఆ మాట మీదే ఉండేది. పొద్దున్నే ఒకే దుకాణంలో ఒకే రకం రొట్టె, ఆదివారం గుడిలో ఒకే బల్ల మీద ఒకే మూల. ఏదీ అటూ ఇటూ కదలకూడదు.

ఒడెట్ దానికి పూర్తిగా ఎదురు. ఆమె ఇంట్లోనే ఆడవాళ్ళకు జుట్టు దిద్దేది. వచ్చిన మనిషిని బట్టి, దగ్గరపడిన పండగను బట్టి, ఆ పూట తన నడుం నొప్పిని బట్టి రేటు మారిపోయేది. "ఏం ఒడెట్, కిందటివారం ఇంత కాదుగా?" అని ఎవరైనా అంటే, "కిందటివారం నువ్వూ ఇంత లేవు" అని నవ్వేది. ఆ నవ్వుకే సగంమంది మళ్ళీ వచ్చేవారు.

తల్లి పోయినప్పుడు వాళ్ళిద్దరికీ చెడింది. మీనాలో ఎవరైనా పోతే నల్ల అంచు కాగితం అచ్చువేయించి గోడలకు అంటిస్తారు. పోయినవారి పిల్లలు, అల్లుళ్ళు, చుట్టాలు అందరి పేర్లూ వరసగా అందులో ఉంటాయి. ఆ పని ఒడెట్ భర్త జమీల్ నెత్తిన వేసుకున్నాడు. అఫీఫా గుడికి పోతూ బేకరీ గోడ మీద ఆ కాగితం చదివింది. పైన పెద్దగా ఒడెట్ పేరు, పక్కన జమీల్ పేరు, కింద మేనమామలు, వాళ్ళ అల్లుళ్ళు, అందరూ అయ్యాక చిట్టచివర, ఇంకెవరో మిగిలిపోయారని గుర్తొచ్చినట్టు, "అఫీఫా". తల్లి మంచంపట్టిన అన్నేళ్ళూ ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించిన పెద్దకూతురు ఆమే.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద నిలదీసింది.

"పెళ్ళైనవాళ్ళ పేర్లు ముందు వేస్తారు అఫీఫా. అది మర్యాద" అంది ఒడెట్.

"అయితే ఆ మర్యాదతోనే మాట్లాడుకో" అని అఫీఫా మెట్లు దిగిపోయింది.

మళ్ళీ మాటల్లేవు. రెండేళ్ళకు జమీల్ పోతే అఫీఫా గుడికి వచ్చి, వెనక బల్ల మీద కూర్చుని, చావింట పోసే చేదుకాఫీ తాగి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయింది. వాళ్ళను కలపాలని గుడి పూజారి అబూనా స్పిరిడాన్ రెండు ఈస్టర్లకు ప్రయత్నించి, మూడో ఈస్టరుకు మానుకున్నాడు. అలాగని ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోలేదు. తలుపులు తెరిచిపెట్టి అఫీఫా తన తులసికుండీతోను, ఒడెట్ తన పంజరంలో పిట్టతోను గట్టిగా మాట్లాడేవారు. తులసికి చెప్పిందంతా ఎదుటి ఇంటికే. పిట్ట వినవలసిన పని ఏమీ ఉండేది కాదు.

ఇక కరెంటు సంగతి. సర్కారు కరెంటు రోజుకు కొన్ని గంటలు వచ్చిపోయేది. మిగతా వేళంతా వీధికి అబూ ఖొదర్ మోటారే దిక్కు. అతను ఒకప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. యుద్ధం అయ్యాక లారీ అంత డీజిల్ మోటారు కొని, ఒక షెడ్డులో బిగించి, వీధంతా తీగలు లాగి, ఇంటింటికీ అయిదు ఆంపియర్ల కరెంటు అమ్మేవాడు. నెలకు ఇంత అని గుత్త. అయిదు ఆంపియర్లు దాటితే నడవాలో ఉన్న స్విచ్చు టప్పున పడిపోతుంది, ఇల్లంతా చీకటి. దాటనంతవరకూ ఎంత వాడుకున్నా అదే గుత్త.

ఒక వసంతంలో సర్కారు హుకుం వచ్చింది, మోటార్లవాళ్ళు ఇళ్ళకు మీటర్లు పెట్టాలని. వాడినంతకే డబ్బు తీసుకోవాలని. అబూ ఖొదర్ మేడ మేడా ఎక్కి జనాన్ని అడుగుతూ మూడో అంతస్తుకు వచ్చాడు. మోకాళ్ళ నొప్పి మనిషి. ఒక్కో తలుపూ తట్టే ఓపికలేక నడవా మధ్య నిలబడి రెండు ఇళ్ళకూ కలిపి చెప్పాడు.

"సిత్ అఫీఫా, సిత్ ఒడెట్, వినండమ్మా. సర్కారు నాకు మీటర్లు పెట్టమంటోంది. కరెంటివ్వడం చేతకాదు గానీ, ఇచ్చేవాణ్ణి మాత్రం కొలవమంటుంది. సరే, నా దగ్గర రెండు పద్ధతులూ ఉన్నాయి. పాత గుత్తలోనే ఉంటానంటే ఉండండి, నేనెవరికీ చెప్పను. మీటరు కావాలంటే పెడతా, యూనిట్‌కి ఇంత. ఒకసారి చెప్పారంటే అదే ఖాయం. రేపు అటు, ఎల్లుండి ఇటు అంటే మా అమ్మ కళ్ళతోడు, మెట్లెక్కలేను."

అఫీఫా అప్పటికి నాలుగు రోజులుగా దీని గురించే ఆలోచిస్తోంది. ఆమె ఇంట్లో ఉన్నదేమిటి? ఒక దీపం, ఒక కుట్టుమిషను, గొణిగే పాత ఫ్రిజ్. ఇస్త్రీ సర్కారు కరెంటు వచ్చినప్పుడే చేసుకునేది. తన బతుక్కి మీటరే మేలని, పుట్టాక మొదటిసారి ఒక కదిలే ధరకు మనసు ఒప్పించుకుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

అంతలో ఎదుటి తలుపులోంచి ఒడెట్ గొంతు, పిట్టతో మాట్లాడే ఎత్తులో వినిపించింది.

"నాకు మీటరు పెట్టు అబూ ఖొదర్! వాడినంతకే కట్టడం తెలివైనవాళ్ళ లక్షణం. వాడకుండా కట్టేవాళ్ళు మాకు తెలుసులే, బుర్రకి చిలుము పట్టినవాళ్ళు."

అఫీఫా నోటిదాకా వచ్చిన మాట అక్కడే గిరుక్కున వెనక్కి తిరిగింది.

"నాకు గుత్త" అంది. "మాట మీద నిలబడేవాళ్ళకి అదే నప్పుతుంది."

అబూ ఖొదర్ అటు చూసి, ఇటు చూశాడు. ఎడమచేతి ఇంట్లో ఒక దీపం. కుడిచేతి ఇంట్లో తలమీద గంటలా దిగే, చక్రాల కాళ్ళ డ్రయ్యరు, రెండు చేతి డ్రయ్యర్లు, నీళ్ళు కాచే హీటరు. రెండూ తారుమారయ్యాయని అతనికి అర్థమైంది. అయినా తను వ్యాపారి. "దేవుడు మీ ఇద్దరికీ వెలుగివ్వాలి" అని దీవించి దిగిపోయాడు.

మొదటి నెల గడిచేసరికే అఫీఫాకు మంట మొదలైంది. వాడని కరెంటుకు డబ్బు కడుతున్నానన్న ఆలోచన సూదిలా గుచ్చింది. గుత్త ఇచ్చినందుకు వాడి తీరాలని తీర్మానించుకుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిప్పింది. మిట్టమధ్యాహ్నం వంటింట్లో దీపం వెలిగించింది. కరెంటు కెటిలు ఒకటి కొని, అక్కర్లేకపోయినా నీళ్ళు మరిగించింది. కానీ ఇన్నేళ్ళ పొదుపు ఒంట్లోంచి అంత తేలిగ్గా పోతుందా? వెలుగుతున్న దీపం కింద నడిస్తే చేయి దానంతటదే స్విచ్చు మీదికి పోయేది. అఫీఫా తన చేతిని తానే చరిచి, "ఉండనీ, డబ్బు కట్టాం" అని తిట్టుకునేది. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆమెకు కునుకు పట్టేది కాదు.

ఆమెకు మిగిలిన ఓదార్పు ఒక్కటే. ఒడెట్ మీటరు నడవా గోడకే బిగించారు. దాని మీద ఒక ఎర్రచుక్క ఉండేది. కరెంటు వాడిన కొద్దీ అది కన్ను కొట్టేది. తులసికి నీళ్ళుపోసే నెపంతో అఫీఫా బయటికి వచ్చి చూసేది. లోపల డ్రయ్యరు తిరుగుతుంటే ఆ చుక్క పిచ్చెక్కినట్టు కొట్టుకునేది. "అమ్మయ్య" అనుకుని రెండోసారి కూడా నీళ్ళుపోసేది. ఆ వేసవికి తులసి వేళ్ళు కుళ్ళి చచ్చిపోయింది.

ఒడెట్ తక్కువ తినలేదు. చుక్కను ఆపడానికి ఆమె పడని పాట్లు లేవు. ఎండకాసే రోజుల్లో తడితలలతో ఆడవాళ్ళను డాబా మీదికి పంపేది. "సముద్రపు గాలికి జుట్టు ఒత్తుగా కనిపిస్తుందే, పారిస్‌లో ఇప్పుడిదే పద్ధతి" అనేది. పారిస్ పద్ధతికి మొదట్లో నలుగురు నవ్వుతూ ఎక్కారు. ఒకామె జుట్టులో ఉప్పు పేరుకుని, ఇంకొకామె భుజం మీద పావురం రెట్టవేశాక, వచ్చేవాళ్ళు పలచబడ్డారు. ఆ కబురు కిందింటివాళ్ళ ద్వారా అఫీఫాకు చేరింది. సంతోషించాలని కూర్చుంది. అనుకున్నంత సంతోషం రాలేదు. చెల్లెలి ఇంట్లోంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడకపోతే నడవా కాస్త బోసిగానే ఉంది.

మరుసటి ఏడు ఈస్టరు దాటిన ఆదివారం సిల్వానా అనే పిల్ల పెళ్ళి. గౌను అఫీఫా కుట్టింది, జుట్టు ఒడెట్ దిద్దాలి. సిల్వానా తల్లి ఉమ్ గసాన్‌ది రేవులో చేపల వేలం పాడే గొంతు. వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివర పిల్లులు లేచేవి. పెళ్ళివారు మధ్యాహ్నం వచ్చేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. డాబా మాట లేదు. సర్కారు కరెంటు సరేసరి.

ఒడెట్ పిల్లకు తల కడిగి, చుట్లు చుట్టి, గంట డ్రయ్యరు కింద కూర్చోబెట్టింది. కూర్చోబెట్టి స్విచ్చు వేసింది, తలుపులోంచి మీటరు చూసింది, ఆపింది. కాసేపాగి మళ్ళీ వేసింది, మళ్ళీ చూసింది, మళ్ళీ ఆపింది. ఉమ్ గసాన్ మూడు విడతలు ఓర్చుకుంది.

"ఏంటే ఒడెట్, నా కూతురి తలేమైనా బీన్స్ కుండనుకున్నావా, మంట తగ్గించి తగ్గించి ఉడికిస్తున్నావ్?"

"నెమ్మదిగా ఆరితేనే నిలుస్తుంది ఉమ్ గసాన్."

"నిలవాల్సింది జుట్టా, నీ మీటరా? అవతల పూజారి గుళ్ళో నిలబడున్నాడు!"

అప్పుడే గౌనుకు చివరి ఇస్త్రీ ముగించి, చేతుల మీద వేసుకుని అఫీఫా తన గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక పట్టపగలు దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, కెటిలు ఈల వేస్తోంది. ఉమ్ గసాన్ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇక్కడ గుత్తా?" అంది. అఫీఫా తలూపింది. "అక్కడ మీటరు, ఇక్కడ గుత్త! ఈ రెండు తలుపుల మధ్య నా పిల్ల తడితలతో పెళ్ళి చేసుకోవాలా?"

ఆమె ఎవరినీ అడగలేదు. గంట డ్రయ్యరు మెడ పట్టుకుని, చక్రాలు గడప మీద ఎగిరెగిరి పడుతుంటే, నడవాకు అడ్డంగా తోసుకుంటూ అఫీఫా ఇంట్లోకి వచ్చేసింది. వెనకాల తలంతా చుట్లతో పెళ్ళికూతురు. డ్రయ్యరు జమీల్ కొనిపెట్టింది, ఇటలీ సరుకు. ఒడెట్ దాని వెంట పరిగెత్తుకొచ్చింది, నోటినిండా పిన్నులతో. లోపలికి వచ్చాక గానీ తానెవరి ఇంట్లో ఉందో ఆమెకు స్ఫురించలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒడెట్ నోట్లోంచి పిన్నులు ఒక్కటొక్కటే తీసింది.

"ప్లగ్గెక్కడ?" అంది.

"మిషను కింద" అంది అఫీఫా.

పదేళ్ళ మౌనం అలా ముగిసింది. డ్రయ్యరు పెట్టీ పెట్టగానే నడవాలో స్విచ్చు టప్పున పడింది. దీపాలారిపోయాయి. ఉమ్ గసాన్ పెట్టిన కేకకు కిందింటివాళ్ళు మెట్లెక్కి వచ్చారు.

"ఇస్త్రీపెట్టె తీశావా?" చీకట్లో ఒడెట్ గొంతు.

"తీశా."

"ఫ్యాను?"

"ఆపుతున్నా, ఉండు."

"ఆ కెటిలేంటే, మధ్యలో? ఎవరికి కాస్తున్నావ్ నీళ్ళు?"

"ఎవరికీ కాదు."

"ఎవరికీ కాకపోతే ఎందుకు కాస్తున్నావ్?"

అఫీఫా కెటిలు తీగ పీకేసి, వెళ్ళి స్విచ్చు ఎత్తింది. ఈసారి డ్రయ్యరు నిలిచింది. పెళ్ళికూతురు ఎండిన జుట్టుతో, ముడతలేని గౌనుతో, కాస్త ఆలస్యంగా గుడికి చేరింది.

"డ్రయ్యరు రేపు తీసుకెళతా" అని ఒడెట్ వెళుతూ వెళుతూ అఫీఫాతో కాకుండా తలుపుతో చెప్పింది. మరునాడు వచ్చింది. కానీ వెంట ఒక తడితల మనిషిని తీసుకొచ్చింది. "ఎలాగూ ఇక్కడే ఉందిగా" అని ఆమెను దాని కింద కూర్చోబెట్టింది. ఆ మరునాడు ఇద్దరు. వారం తిరక్కుండా అద్దం వచ్చింది, తరవాత కుర్చీ, తరవాత పిట్ట పంజరం. నెలకల్లా ఒడెట్ ఫ్రిజ్‌లోని జున్నూ, ఆలివ్‌లూ అఫీఫా ఫ్రిజ్‌లోకి మారాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ కాదనలేదు. చవకగా వస్తుంటే ఎవరు మాత్రం వద్దంటారని ఇద్దరూ వేరువేరుగా కిందింటివాళ్ళకు చెప్పుకున్నారు.

మాట్లాడకుండా ఉందామన్నా కుదరలేదు. అయిదు ఆంపియర్లలో ఒకేసారి ఒక్క పెద్దపనే సాగుతుంది. ఇస్త్రీ అయితే డ్రయ్యరు కాదు, డ్రయ్యరైతే హీటరు కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఒకటే కేకలు.

"ఇస్త్రీ పెడుతున్నా!"

"ఆగాగు, ఉమ్ ఇలియాస్ తల సగమే ఆరింది!"

"నీ ఉమ్ ఇలియాస్‌కి నాలుగు వెంట్రుకలే గదే, ఊదితే ఆరతాయ్!"

"మెల్లగా, వింటుంది."

"గంట కింద వినపడదులే."

నిజంగానే గంట డ్రయ్యరు కింద కూర్చున్నవాళ్ళకు ఏమీ వినపడదు. ఆ హోరులో అక్కాచెల్లెళ్ళు ఏమైనా మాట్లాడుకోవచ్చు. ఒక మధ్యాహ్నం అఫీఫా ఒక బాప్తిస్మపు గౌనుకు లేసు కుడుతూ ఉంటే, ఒడెట్ దువ్వెనలు తుడుస్తూ నవ్వింది.

"నాకూ గుత్తే కావాలనుంది, తెలుసా?"

"మరి మీటరన్నావ్?"

"నువ్వు గుత్తే అంటావని తెలుసుగా. ఈ జన్మలో నువ్వు ఇంకోటి అన్నదెప్పుడు? నువ్వన్నదే నేనూ అంటే, నీ తెలివే తెలివని ఒప్పుకున్నట్టు కాదూ?"

అఫీఫా సూది ఆపింది. "నేను మీటరందామనుకున్నా. నోటిదాకా వచ్చింది. నువ్వు ముందర అరిచావ్."

ఒడెట్ ఆమె వంక చూసింది. తరవాత ఇద్దరికీ నవ్వాగలేదు. అఫీఫా నవ్వడం చూసి చాలాకాలమైందేమో, ఒడెట్ ఇంకా నవ్వింది. గంట కింద ఉన్న పోస్టుమాస్టరు పెళ్ళాం అద్దంలో వాళ్ళను చూసి, తన జుట్టుకేదో అయిందని కంగారుపడి, తల బయటికి లాక్కుని చెవి కాల్చుకుంది.

తల్లి చావు కాగితం మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే డ్రయ్యరు మళ్ళీ చక్రాల మీద వెళ్ళిపోతుందని అఫీఫాకు భయం. ఒడెట్‌కు ఏముందో ఆమెకే తెలియాలి. అబూనా స్పిరిడాన్ మాత్రం ఒక ఆదివారం ప్రసంగంలో పేర్లు చెప్పకుండా, ఓపిగ్గా ప్రార్థిస్తే రాళ్ళు కూడా కరుగుతాయని, తన ఎరుకలోనే రెండు కరిగాయని అన్నాడు. బల్లల మీద తలలన్నీ వీళ్ళవైపు తిరిగాయి. "ఈయన ప్రార్థన ఎన్ని ఆంపియర్లో" అని ఒడెట్ గొణిగింది. అఫీఫా దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

ఎర్రచుక్క కన్ను కొట్టడం మానేసిందని కనిపెట్టడానికి అబూ ఖొదర్‌కు శీతాకాలం దాకా పట్టింది. ఒడెట్ తీగకు దొంగ కొక్కెం వేసిందనుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. కుడిచేతి ఇల్లు చీకటిగా, చల్లగా ఉంది. ఎడమచేతి ఇంటినిండా ఆడవాళ్ళు. ఒకామె గంట కింద, ఒకామె తువ్వాలు చుట్టుకుని, ఒకామె పిట్టకు గింజలు వేస్తూ.

"సిత్ ఒడెట్, మీ మీటరు చచ్చిపోయిందామ్మా?"

"పోయినవాళ్ళ మాట నన్నడక్కు అబూ ఖొదర్. విధవరాల్ని, గుండె బరువెక్కుతుంది."

"అది కాదు సిత్. గుత్త ఒక ఇంటికి. మీరు రెండిళ్ళ పని ఒక ఇంట్లో చేస్తున్నారు."

"ఏం రెండిళ్ళు?" అంది అఫీఫా, మిషను మీంచి తలెత్తకుండా. "మా చెల్లెలు మా ఇంటికి వచ్చింది. చెల్లెలు అక్కింటికి రాకూడదని కూడా హుకుం వచ్చిందా?"

"మీరిద్దరూ మాట్లాడుకోరుగా!"

"ఎవరన్నారు?"

"ఎవరనడమేంటి? నేనే ఈ నడవాలో నిలబడి..."

"జనానికేం పని, నోళ్ళు ఊరుకుంటాయా?" అంది ఒడెట్. "రక్తసంబంధం మాది. ఒక్కరోజు కూడా ఉండలేం."

తువ్వాలు చుట్టుకున్నామె పైకప్పు చూసింది. పిట్ట దగ్గరున్నామె గింజలు చూసింది.

"కాఫీ తాగిపో" అని అఫీఫా కెటిలు పెట్టింది. డ్రయ్యరు నడుస్తోందన్న ధ్యాస లేదు. టప్పున స్విచ్చు పడింది, గది మసకబారింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారే అబూ ఖొదర్ వైపు తిరిగారు. అతను అలవాటు కొద్దీ నడవాలోకి వెళ్ళి, స్విచ్చు తానే ఎత్తి, తిరిగొచ్చి, ఎందుకెత్తానా అని కాసేపు నిలబడ్డాడు. కాఫీ తాగాడు. పోతూ పోతూ, "అమ్మ కళ్ళతోడు, డీజిలు ధర ఇలాగే పెరిగితే ఎవరికీ గుత్త ఉండదు" అన్నాడు. బెదిరింపనుకున్నారు. అది నిజమే అయింది.

వేసవికి లీరా కూలిపోయింది. డీజిలు దొరకలేదు. అబూ ఖొదర్ ముందు గుత్తలన్నీ ఎత్తేశాడు, అందరికీ మీటర్లే అన్నాడు. మీటర్లు బిగించిన వారానికి మోటారే ఆపేశాడు, పొయ్యడానికి ఏమీ లేదని. ఇన్నాళ్ళూ గుత్తా, మీటరా అని తగువులాడుకున్న వీధికి ఇప్పుడు కొలవడానికే ఏమీ లేకుండా పోయింది. డ్రయ్యరు చల్లగా మూలన నిలబడింది. ఇస్త్రీపెట్టె అలమరలోకి పోయింది.

ఆ మొదటి మధ్యాహ్నం అఫీఫా కిటికీ దగ్గర చేత్తో కుడుతూ కూర్చుంది. ఒడెట్ రావడానికి కారణం లేదిప్పుడు. కరెంటు కోసం వచ్చేది, కరెంటు పోయింది. ఎదుటి తలుపు చప్పుడు కోసం ఆమె చెవి తనకు తెలియకుండానే కాచుకుని ఉంది. జున్నుకు వస్తుందేమో అనుకుంది. ఆ జున్ను కూడా పొద్దున్నే పాడైంది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒడెట్ చేతిలో విసనకర్ర, రెండు పీచ్ పళ్ళు.

"మా బాల్కనీకి గాలి రావడంలేదు" అంది. "నీ బాల్కనీలో కాసేపు కూర్చుంటా."

రెండు బాల్కనీలూ ఒకే గోడకు, ఒకే సముద్రానికి ఎదురుగా, మధ్యన చేయి చాపేంత దూరంలో ఉన్నాయి. ఒకదానికి వచ్చే గాలి ఇంకోదానికి రాకపోవడానికి దారే లేదు. అఫీఫా లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చివేసింది. ఒడెట్ పీచ్ పండు కోసి పెద్ద ముక్క ఆమెకిచ్చింది. రేవులో ఎవరో పడవ చెక్కకు మేకులు కొడుతున్నారు.

శరదృతువుకు మోటారు మళ్ళీ తిరిగింది, రోజుకు కొద్ది గంటలు. ఇద్దరికీ మీటరే. ఎవరింట్లో వాడినా ఒకటే ఖర్చు. డ్రయ్యరు నడవా దాటించడం నిమిషం పని. అఫీఫా ఆ వారమంతా దానివైపు చూడకుండా తిరిగింది. ఒడెట్ కూడా దాని ఊసెత్తలేదు. శనివారం అబూ ఖొదర్‌ను పిలిపించి నడవాలో నిలబెట్టింది.

"నా మీటరు పీకెయ్" అంది.

"ఏం సిత్, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

"రెండు మీటర్లకి రెండు అద్దెలు నీకెందుకు పొయ్యాలి? మోటారు నీది, తెలివి కూడా నీదేననుకున్నావా?"

అబూ ఖొదర్ స్క్రూడ్రైవరు తీశాడు. అఫీఫా తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, అతను ఒక్కో మరమేకూ ఊడదీయడం చూసింది. పెట్టె ఊడి వచ్చింది. గోడకు నాలుగు కన్నాలు, వాటి చుట్టూ పెచ్చులూడిన సున్నం మిగిలాయి. అతను సంచి భుజానికి వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది అఫీఫా. "ఆ కన్నాలు ఎవరు పూడుస్తారు?"

"నేను కరెంటువాణ్ణి సిత్, మేస్త్రీని కాదు."

"కన్నాలు పెట్టింది మేస్త్రీయా?" అంది లోపలినుంచి ఒడెట్.

అబూ ఖొదర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ మాట్లాడుకోని రోజులే బాగుండేవేమో అని అతనికి తోచి ఉండాలి. సాయంత్రం సున్నం డబ్బా పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాడు. కన్నాలు పూడ్చాడు గానీ, రంగు మాత్రం పాత గోడతో కలవలేదు.